వాగు అవతల బండి



పోయిన శ్రావణంలో ఒక రాత్రి, వాన హోరులో, మా మేనల్లుడు చింతపల్లి నుంచి ఫోన్ చేశాడు. వాడికి అక్కడ కాఫీ తోట ఉంది. సిల్వర్ ఓక్ చెట్ల మీదికి మిరియం పాదులు పాకించుకున్నాడు. తోట నుంచి తారు రోడ్డు దాకా ఏడు కిలోమీటర్ల మట్టి బాట. మధ్యలో రెండు వాగులు.

"మావయ్యా, ఈ బండి కూడా అమ్మేస్తన్నాను. మొదటి కంపెనీది అలా ఏడిపించింది, రెండోది ఇలా ఏడిపిస్తంది. ఈసారి ఏ కంపెనీది కొనమంటావు? నమ్మకమైంది ఒక్క పేరు చెప్పు చాలు" అన్నాడు.

నేను పేరు చెప్పలేదు. "ఎల్లుండి బయల్దేరి వస్తాను. నేనొచ్చేదాకా అమ్మకు" అన్నాను.

రోడ్ల సర్వే పని మీద ముప్పై ఏళ్ళు ఏజెన్సీలో తిరిగినవాణ్ణి నేను. పాడేరు, పెదబయలు, జి.మాడుగుల, సీలేరు. గొలుసులు, ట్రైపాడ్లు, బియ్యం మూట, నలుగురు మనుషులు, ఒక జీపు. ఆ ముప్పై ఏళ్ళలో నాకు ఎదురైనన్నిసార్లు ఈ ప్రశ్న ఇంకెవరికీ ఎదురై ఉండదనుకుంటాను. ఏ బండి నమ్మకం? ఏ కంపెనీ మంచిది? అడిగేవాళ్ళ మొహంలో ఎప్పుడూ ఒకటే అలసట. డబ్బు పోయిన బాధ ఒక ఎత్తు, ఆ బండి నట్టడవిలో ఆగిపోయిన రోజు జ్ఞాపకం ఒక ఎత్తు.

పట్నంలో బండి ఆగితే ఆటో ఎక్కుతాం. కొండ మీద బండి ఆగితే ఏమవుతుందో మన్యం వాళ్ళకు తెలుసు. రెండు పొడుగాటి కర్రలు, ఒక దుప్పటి, నలుగురు మోసేవాళ్ళు. డోలీ. పురిటి నొప్పులతో ఉన్న ఆడమనిషిని, పాము కరిచిన పిల్లాణ్ణి అలా మోసుకుని కొండ దిగడం నేను కళ్ళారా చూశాను. ఒకసారి మా జీపు ఉండీ ఆ మోత తప్పించలేకపోయాను. క్లచ్ ప్లేటు కాలిపోయి మూడు రోజులుగా చెట్టు కింద నిలబడి ఉంది అది. ఆ డోలీ మా జీపు పక్కనుంచే వెళ్ళింది. మోసేవాళ్ళలో ఒకడు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. అందుకే ఈ నమ్మకం అన్న మాటను నేను తేలిగ్గా తీసుకోలేను.

చింతపల్లి వెళ్ళే దారిలో, లంబసింగి దాటాక, ఒక టీ బడ్డీ దగ్గర ఆగాను. ఎదురుగా ఒక పాత జీపు. వెనకా ముందూ మనుషులు, పైన అరటి గెలలు, బస్తాలు. నంబరు చూసి ఉలిక్కిపడ్డాను. మా మేనల్లుడు నాలుగేళ్ళ కిందట "దీంతో నావల్ల కాదు" అని అమ్మేసిన బండి అది! రెండు సార్లు వెనక హౌసింగులో పళ్ళు అరిగిపోయాయి, క్రౌన్ పినియన్ మార్చాల్సి వచ్చింది, రెండు సార్లూ పెద్ద ఖర్చు. ఆ కంపెనీ వాళ్ళది కల్తీ ఇనుమని తేల్చేసి, వచ్చిన రేటుకి వదిలించుకున్నాడు.

డ్రైవర్ని పలకరించాను. "బాగా నడుస్తోందా అబ్బాయ్?" అన్నాను. "రోజూ రెండు ట్రిప్పులండి. నాలుగేళ్ళైంది" అన్నాడు. "వెనక హౌసింగు?" అని అడిగాను. నవ్వి, కిందికి వంగమన్నాడు. వెనక ఇరుసు మీద వేలెడంత ఇనప మూత ఉండాల్సిన చోట ఒక నల్ల రబ్బరు గొట్టం బిగించి ఉంది. ఆ గొట్టం చాసిస్ వెంట పైకి పాకి, సీటు వెనక, నడుమెత్తున తేలింది. "దీనికిది ఊపిరండి. పాతాయన ఈ సంగతి చూసుకోలేదు" అన్నాడు.

ఈ చిన్న సంగతి కాస్త నిదానంగా చెప్పనివ్వండి. వెనక ఇరుసు మధ్యలో ఉబ్బుగా ఉండే పెట్టెలో, అంటే హౌసింగులో, క్రౌన్ పినియన్ అనే పళ్ళ చక్రాలు నూనెలో మునిగి తిరుగుతుంటాయి. కొన్ని కిలోమీటర్లు నడిచేసరికి ఆ పెట్టె బాగా వేడెక్కుతుంది. లోపలి గాలి వ్యాకోచిస్తుంది. అది బయటికి పోవడానికి పైన చిన్న రంధ్రం, దాని మీద చిన్న మూత పెడతారు. దాన్నే బ్రీదర్ అంటారు. ఇప్పుడా వేడి ఇరుసును తీసుకెళ్ళి చన్నీళ్ళ వాగులో దించితే, లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుంటుంది. బయటినుంచి ఏదో ఒకటి లోపలికి పీల్చుకుంటుంది. పీల్చేది గాలైతే పరవాలేదు. బ్రీదర్ బురదతో పూడుకుపోయినా, అది నీళ్ళలో మునిగి ఉన్నా, పీల్చేది నీళ్ళే. పాతబడిన ఆయిల్ సీళ్ళ సందుల్లోంచి కూడా నీళ్ళు చేరతాయి. నూనెలో నీళ్ళు కలిసి చిలికినట్టయి, పాలు ఎక్కువైన టీ రంగుకి తిరుగుతుంది. ఆ నూనెకి జిగురుండదు, పళ్ళకి రక్షణ ఉండదు. ఒక వానాకాలం గడిస్తే బేరింగు పోతుంది, రెండో వానాకాలానికి పళ్ళు పోతాయి.

నివారణ ఏమిటంటే, రెండు గజాల రబ్బరు గొట్టం. వాగు దిగే ముందు పది నిమిషాలు ఆగి ఇరుసు చల్లారనివ్వడం. వానలు తగ్గాక ఒకసారి డ్రెయిన్ నట్టు విప్పి నూనె రంగు చూసుకోవడం. అంతే. మా వాడు ఈ మూడూ చెయ్యకుండా రెండు క్రౌన్ పినియన్లు మార్చి, చివరికి బండి పేరునే మార్చేశాడు. వాగు మాత్రం మారలేదు. రెండో కంపెనీ బండి ఇరుసుకీ అదే బ్రీదర్ ఉంది, అదే ఎత్తులో.

ఇక్కడికి ఆపి "చూశారా, తప్పంతా నడిపేవాడిది" అంటే అన్యాయం. కొన్ని బళ్ళు నిజంగానే పనికి తగ్గట్టు ఉండవు. వాటిని వదులుకోవడమే వివేకం. ప్రపంచంలో ఒక దేశానికి దేశమే అలా ఒక పేరు వదిలి ఇంకో పేరుకి మారిన కథ ఒకటుంది. ఆ కథలో మా మేనల్లుడికి కావలసిన జవాబుంది.

ఆస్ట్రేలియాలో ఆగ్నేయ మూల స్నోవీ పర్వతాలున్నాయి. 1949లో అక్కడ ఒక బ్రహ్మాండమైన జలవిద్యుత్ పథకం మొదలుపెట్టారు. కొండల అవతలికి పోయే నదుల నీళ్ళను ఇవతలికి మళ్ళించి కరెంటు, సాగునీరు తీయాలని. 16 పెద్ద ఆనకట్టలు, 7 విద్యుత్ కేంద్రాలు, 145 కిలోమీటర్ల సొరంగాలు. పాతికేళ్ళు పట్టింది, 1974లో పూర్తయింది. ముప్పైకి పైగా దేశాల నుంచి లక్షమంది దాకా పనికొచ్చారు. యుద్ధంలో ఒకరి మీద ఒకరు తుపాకులు పేల్చుకున్న దేశాల వాళ్ళు అక్కడ ఒకే సొరంగంలో పక్కపక్కన నిలబడి రాయి తొలిచారు. సర్వే మనిషిగా నాకు ఆ పథకం మాటెత్తితే ఒళ్ళు పులకరిస్తుంది. మంచు, బురద, నిలువెత్తు గట్లు, రోడ్డన్నది లేదు.

ఆ రోజుల్లో అలాంటి చోట్లకి పోవాలంటే ఒకటే బండి. లాండ్ రోవర్. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఇంగ్లండులో రోవర్ కంపెనీ తయారుచేసిన బండి అది. ఆ కంపెనీ ఇంజనీరు మారిస్ విల్క్స్‌కి వేల్స్‌లోని ఆంగ్లసీ దీవిలో పొలం ఉండేది. అక్కడ ఆయన ఒక పాత అమెరికన్ జీపు వాడేవాడు. అది పాడైతే దాని చోట ఏం కొనాలన్న ప్రశ్నలోంచే లాండ్ రోవర్ పుట్టింది. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో జనానికి చూపించారు. యుద్ధం వల్ల ఇనుముకి రేషన్ ఉన్న కాలం కనక పై ఒళ్ళంతా అల్యూమినియంతో చేశారు. తుప్పు పట్టదు, తేలిక. ఆఫ్రికాలో, ఆసియాలో, ఆస్ట్రేలియాలో పదేళ్ళలో అది లేని అడవి లేదు.

ఇక జపాన్ సంగతి. 1951లో టయోటా వాళ్ళు ఒక జీపు లాంటి బండి చేసి, బిజె అని పేరు పెట్టారు. ఆ ఏడాది వాళ్ళ టెస్ట్ డ్రైవర్ ఇచిరో తైరా దాన్ని ఫుజి పర్వతం ఆరో మజిలీ దాకా ఎక్కించాడు. అంతకు ముందు ఆ పర్వతం మీద అంత ఎత్తుకి మోటారు బండి వెళ్ళలేదు. జపాన్ పోలీసు శాఖ ఆ బళ్ళు కొన్నది. జీప్ అన్న పేరు అమెరికన్ కంపెనీ హక్కు కాబట్టి, 1954లో తమ బండికి లాండ్ క్రూయిజర్ అని నామకరణం చేసుకున్నారు. 1950లలో ఆ పేరు జపాన్ బయట పెద్దగా ఎవరికీ తెలియదు. జపాన్ సరుకంటే నాసిరకమన్న అభిప్రాయం ఉండేది. పైగా ఆస్ట్రేలియా వాళ్ళకి యుద్ధ గాయాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

అప్పుడు లెస్లీ థీస్ అనే కాంట్రాక్టరు ముందుకొచ్చాడు. స్నోవీ పథకంలో పెద్ద పనులు తీసుకున్న థీస్ సోదరుల్లో ఒకడు. 1950ల చివర ఆయన జపాన్ నుంచి కొన్ని లాండ్ క్రూయిజర్లు తెప్పించి ఆ కొండల్లో పనికి దింపాడు. వాటి ఇంజను ఆరు సిలిండర్లు, 3.9 లీటర్లు. లాండ్ రోవర్ల ఇంజను నాలుగు సిలిండర్లు, 2.25 లీటర్లు. గట్టు ఎక్కేటప్పుడు తేడా డ్రైవర్ కాలికే తెలిసిపోతుంది. ఆనాటి లాండ్ రోవర్లకి ఇంకో బలహీనత ఉండేది. వెనక ఇరుసులో చక్రాన్ని తిప్పే హాఫ్ షాఫ్టులు, బరువుతో లాగేటప్పుడు పుటుక్కున విరిగేవి. చాలామంది డ్రైవర్లు అదనంగా షాఫ్టులు వెంట పెట్టుకునే బయల్దేరేవాళ్ళు.

శ్రోతలు ఇక్కడ కాస్త చెవి ఒగ్గి వినాలి. జపాన్ నుంచి వచ్చిన ఆ మొదటి బళ్ళు ఏ లోపమూ లేనివి కావు. స్నోవీ కొండల పని వాటికీ కష్టమైంది, వాటిలోనూ లోపాలు బయటపడ్డాయి. తేడా ఎక్కడ వచ్చిందంటే, టయోటా తన ఇంజనీర్లను ఆస్ట్రేలియా పంపింది. వాళ్ళు పని జరిగే చోటికే వచ్చి, ఏది ఎందుకు పోతోందో చూసి, సరిచేశారు. థీస్‌కి ఆ బండి మీద నమ్మకం కుదిరింది. ఎంతగానంటే, ఆ బళ్ళను దిగుమతి చేసి అమ్మే వ్యాపారంలోకి తానే దిగాడు. అక్కడ మొదలై ఇరవై ఏళ్ళు తిరిగేసరికి ఆస్ట్రేలియా ఎడారి ఊళ్ళలో, పశువుల మందల దగ్గర, గనుల దగ్గర లాండ్ రోవర్ల చోట లాండ్ క్రూయిజర్లు నిలబడ్డాయి. అవతలి కంపెనీ ఆ ఇరవై ఏళ్ళూ చేతులారా పోగొట్టుకుంది. అది వరుసగా విలీనాల్లో చిక్కుకుంది, కొత్త పెట్టుబడి రాలేదు, కావలసినన్ని బళ్ళు పంపలేదు. అడిగినవాడికి బండి దొరక్క, దొరికినవాడికి ముక్క దొరక్క, జనం జారిపోయారు. అక్కడి పల్లెల్లో ఒక నానుడి పుట్టింది. ఎడారిలోకి పోవాలంటే లాండ్ రోవర్ ఎక్కు, తిరిగి రావాలంటే లాండ్ క్రూయిజర్ ఎక్కు అని.

నేను ఆ నానుడిని అలాగే నమ్మేవాణ్ణి. కానీ ఆ బళ్ళు ఇంత కాలం నిలబడ్డానికి కారణం చదువుతున్నకొద్దీ, ఇనుము ఒక్కటే నమ్మకం ఇవ్వలేదని అర్థమైంది. ఐక్యరాజ్య సమితి తెల్ల లాండ్ క్రూయిజర్లు మీరు టీవీలో చూసే ఉంటారు. కరువు, యుద్ధం, భూకంపం, ఏ వార్తలోనైనా అవే. జిబ్రాల్టర్‌లో ఒక సంస్థ ఉంది. సహాయ సంస్థలకి ఈ బళ్ళను సిద్ధం చేసి పంపడం, ఆ వెనక ముక్కలు పంపడం, అదే దాని పని. ఎక్కడో ఆఫ్రికా సాహెల్ ప్రాంతంలో నర్సు ఎక్కిన బండి కదలడానికి, జిబ్రాల్టర్ గోదాములో ఒక అలమారా అరలో ఒక ఫిల్టరు ఉండడం కారణం. బండిని చూసి మెచ్చుకుంటాం, ఆ అరను ఎవరూ చూడరు.

మన సైన్యం సంగతి కూడా ఇలాంటిదే. మొదట జీపులు. తర్వాత జోంగా. జబల్‌పూర్ ఆయుధ కర్మాగారం ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలతో ఆ పేరు పెట్టారు, అసలు నమూనా నిస్సాన్‌ది. ఆ వెనక మారుతీ జిప్సీ. 1985లో బజారులోకి వచ్చిన ఆ చిన్న పెట్రోలు బండిని సైన్యం వేల సంఖ్యలో తీసుకుంది. సుమారు టన్ను బరువు. హిమాలయాల్లో మంచులో దిగబడితే నలుగురు జవాన్లు భుజం పెట్టి లేపగలరు. 2017లో దాని చోట 3,192 సఫారీ స్టార్మ్‌లకు ఒప్పందం చేసుకున్నారు, తర్వాత స్కార్పియోలూ వచ్చాయి. సైన్యం ఇన్నిసార్లు బండి పేరు మార్చినా దారిలో నిలబడిపోలేదు. ఎందుకంటే ఆ బళ్ళ వెనక ఈఎంఇ అని ఒక దళమే ఉంది. 1943లో ఏర్పడ్డ మరమ్మతుల దళం. ఆ దళం ఇంజనీర్లకు చదువు చెప్పే కళాశాల మన సికింద్రాబాదులోనే ఉంది. తిరుమలగిరి వైపు వెళ్ళినప్పుడల్లా ఆ గేటు చూసి అనుకుంటాను, సరిహద్దులో కదిలే ప్రతి చక్రానికీ ఇక్కడ ఒక మూలముందని.

మరి మా మేనల్లుడి వెనక ఏ దళముంది?

చింతపల్లి చేరేసరికి మధ్యాహ్నమైంది. రెండో బండి చావడి ముందు నిలబెట్టి ఉంది. చూడ్డానికి దిట్టంగా ఉంది. డాష్‌బోర్డు మీద పసుప్పచ్చ దీపం వెలుగుతోంది. స్టార్టు చేస్తే ఇంజను నడుస్తోంది కానీ యాక్సిలరేటర్ తొక్కినా ఊపు రావడం లేదు. "రెండు వారాల్నుంచి ఇంతే మావయ్యా. విశాఖపట్నం తీసుకెళ్తే ఏదో కంప్యూటర్ పెట్టి సరిచేశారు. వచ్చిన పది రోజులకే మళ్ళీ ఇదే దీపం" అన్నాడు.

ఇది వేరే జబ్బు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బిఎస్6 ప్రమాణాలు వచ్చాయి. డీజిలు బండి పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ పెట్టడం మొదలైంది. డీపీఎఫ్ అంటారు. ఆ జల్లెడ నిండాక, మసిని బండే తనంతట తాను కాల్చేసుకోవాలి. దానికి పొగ ఆరువందల డిగ్రీల దాకా వేడెక్కాలి. అంటే బండి కొంతసేపు ఆగకుండా, మంచి వేగంతో నడవాలి. మా వాడి బండి నడిచేది ఏడు కిలోమీటర్ల మట్టి బాట మీద, మొదటి గేరు, రెండో గేరు. పొగ అంత వేడెక్కేలోపే ప్రయాణం అయిపోతుంది. జల్లెడ నిండుతుంది, కాలదు. దీపం వెలుగుతుంది. ఇంజను తన్ను తాను కాపాడుకోడానికి ఊపు తగ్గించుకుంటుంది. ఊళ్ళ గాలి బాగుపడాలని పెట్టిన నియమం అది, మంచి నియమం. నేను దాన్ని తప్పు పట్టను. కానీ ఆ బండి అమ్మిన మనిషి "నీ దారి ఎలాంటిది బాబూ?" అని ఒక్క మాట అడిగి ఉంటే మా వాడు ఆ డీజిలు బండి కొనేవాడే కాదు. అలా అడగకపోవడం మీదే నా కోపం. కొండవాడు కూడా అందరిలాగే పూర్తి డబ్బు కడుతున్నాడు కదా.

ఈ జల్లెడ విషయంలో ఎంతో పేరున్న కంపెనీ కూడా తడబడింది. ఆస్ట్రేలియాలోనే, అదే టయోటా. 2015 నుంచి 2020 మధ్య అక్కడ అమ్మిన హైలక్స్, ఫార్చ్యూనర్, ప్రాడో డీజిలు బళ్ళు 2,64,170. వాటి జల్లెడ వ్యవస్థ లోపంతోనే తయారైందని 2022 ఏప్రిల్‌లో అక్కడి ఫెడరల్ కోర్టు తేల్చింది. చిత్రమేమిటంటే, గంటకు వంద కిలోమీటర్ల వేగంతో దూరాలు నడిపినప్పుడు అది సరిగ్గా పనిచెయ్యలేదు. ఆ దేశంలో ఊరికీ ఊరికీ మధ్య నడిచే నడకే అది! థీస్ కాలంలో కొండ దగ్గరికి మనిషిని పంపి సంపాదించిన నమ్మకం, అరవై ఏళ్ళ తర్వాత కోర్టు బోనెక్కింది. పేరు చెప్పమన్న మేనల్లుడికి ఆ రాత్రి నేను ఎందుకు చెప్పలేదో ఇప్పుడు మీకు తెలిసి ఉంటుంది. ఒకనాటి పేరు ఇంకోనాటి బండికి హామీ ఇవ్వదు. అదే కంపెనీలో ఒక ఇంజను ముప్పై ఏళ్ళు నిలబడుతుంది, దాని పక్క ఇంజను మూడేళ్ళకు పేచీ పెడుతుంది.

సాయంత్రం వరండాలో కూచున్నాం. వాన వెలిసింది. వాడి చేత ఒక పాత నోటుబుక్కు తెప్పించాను. "ఇప్పటిదాకా నీ బళ్ళల్లో ఏమేం పోయాయో రాయి. కంపెనీ పేరు రాయకు. ముక్క పేరు రాయి, ఎక్కడ పోయిందో రాయి, మళ్ళీ బండి కదలడానికి ఎన్ని రోజులు పట్టిందో రాయి" అన్నాను. వాడు విసుక్కున్నా రాశాడు. క్రౌన్ పినియన్, రెండు సార్లు, పెద్ద వాగు దాటాక, పదకొండు రోజులు. ముందు చక్రం బేరింగు, చిన్న వాగు, నాలుగు రోజులు. డీజిలు ఫిల్టరులో నీళ్ళు, తోటలోనే, ఒక రోజు. కమాను పట్టీ విరిగింది, కాఫీ బస్తాలతో, ఆరు గంటలు. పసుప్పచ్చ దీపం, రెండు సార్లు, పదహారు రోజులు.

రాసింది చూసుకుని చాలాసేపు మాట్లాడలేదు వాడు. తర్వాత "కమాను పట్టీ ఆరు గంటల్లో ఎలా అయిపోయిందంటావు?" అని తనే అడిగి, తనే చెప్పాడు. చింతపల్లి సెంటర్లో కమాన్లు కట్టే షెడ్డుంది. లారీలు, ట్రాక్టర్లు, జీపులు, అన్నిటికీ ఆయనే. పట్టీ ఆయన దగ్గరే ఉంది. నీళ్ళు పట్టిన ఫిల్టరు వాడే విప్పి శుభ్రం చేసుకున్నాడు. పదహారు రోజులు పట్టినదానికి కంప్యూటర్ కావాలి, ఆ కంప్యూటర్ విశాఖలో ఉంది.

ఇలా అన్నప్పుడు పాత బళ్ళే గొప్పవని నేను చెబుతున్నట్టు అనుకోవద్దు. పాత జీపుల్లో బ్రేకులు ఎంత భయపెట్టేవో నాకు తెలుసు. ఘాటు దిగుతూ పెడల్ నేలకి ఆనిపోయిన క్షణం నాకు తెలుసు. కొత్త బళ్ళల్లో ఎయిర్ బ్యాగులు, చక్రం జారకుండా పట్టే బ్రేకులు ఎన్ని ప్రాణాలు కాపాడాయో లెక్కలేదు. నేను అడిగేది ఒకటే. కొండ దారుల్లో బతికేవాడికి అమ్మే బండికి, ఆ దారి ఎరిగిన మనిషి దగ్గర్లో ఉండాలి. పట్నం షోరూములో ఇచ్చే బండి తాళంతో పాటు, ఊళ్ళో మెకానిక్‌కి ఆ బండి కథ విప్పి చెప్పే పుస్తకం, ఆ దీపం ఎందుకు వెలిగిందో చదివే చిన్న మీటరు కూడా అందాలి. మెకానిక్‌కి తెలియకూడని రహస్యం బండిలో ఉంటే, అది కొన్నవాడిదెలా అవుతుంది?

మర్నాడు ఇద్దరం ఘాటు దిగి నర్సీపట్నం వెళ్ళాం. ఏ షోరూముకీ వెళ్ళలేదు. స్పేర్ పార్టుల కొట్లకి వెళ్ళాం. మా వాడు నోటుబుక్కులో ఐదు ముక్కల పేర్లు రాసుకొచ్చాడు. క్లచ్ ప్లేటు, ముందు చక్రం బేరింగు, యూజే క్రాస్, వెనక ఇరుసు ఆయిల్ సీలు, డీజిలు ఫిల్టరు. ప్రతి కొట్లోనూ నాలుగు రకాల బళ్ళ పేర్లు చెప్పి ఒకటే ప్రశ్న అడిగాడు. "ఇవి మీ దగ్గర ఇప్పుడున్నాయా?" ఒక బండికి ఐదూ ఉన్నాయి. ఒకదానికి మూడున్నాయి. ఒకదానికి ఫిల్టరొక్కటే ఉంది, మిగతావి "ఆర్డరు పెడితే వారం" అన్నారు. నాలుగోదాని పేరు విని కొట్టాయన తల అడ్డంగా ఊపాడు. అందరికంటే ఎక్కువ ప్రకటనలు వచ్చే బండి అది.

ఆ తర్వాత కమాన్ల షెడ్డు మేస్త్రీ దగ్గరికి, ఇంకో ఇద్దరు మెకానిక్కుల దగ్గరికి వెళ్ళాం. "ఏ బండి మంచిది?" అని అడగలేదు. "ఏ బండి నువ్వు చెట్టు కింద విప్పి బిగించగలవు?" అని అడిగాం. ముగ్గురూ ఒకే పేరు చెప్పారు. ఆ పేరు విని మా వాడు నా మొహం కేసి చూశాడు. నాలుగేళ్ళ కిందట తిట్టుకుని వదిలేసిన మొదటి కంపెనీదే.

రెండో బండి వాడు అమ్మేశాడు. కొన్నాయన అనకాపల్లి నుంచి రోజూ హైవే మీద విశాఖ వెళ్ళొచ్చే ఉద్యోగి. వెళ్తూ వస్తూ మంచి వేగంతో నడుస్తుంది కనక ఆ జల్లెడ మసి తనే కాల్చుకుంటోంది, ఆయనకి దీపం వెలగలేదట. మా వాడు ఆరేళ్ళు నడిచిన ఫోర్ వీల్ బండి ఒకటి, ఆ మొదటి కంపెనీదే, సెకండ్ హాండులో తీసుకున్నాడు. తెచ్చిన రోజే రెండు ఇరుసులకీ బ్రీదర్ గొట్టాలు పైదాకా లాగించాడు. తోట నుంచి బయల్దేరితే పెద్ద వాగు ముందు బండి ఆపి, ఒక బీడీ కాలేంత సేపు కూచుంటాడని మా చెల్లెలు చెప్పింది. వాడు బీడీ తాగడు. ఇరుసు చల్లారాలని కూచుంటాడు.

ఈ మధ్య కాఫీ పళ్ళు కోతకొచ్చిన రోజుల్లో మళ్ళీ ఫోన్ చేశాడు. ముందు చక్రంలో చప్పుడు వస్తోంది, బేరింగు పోయినట్టుంది, బండి ఇంటి ముందు జాకీ మీద ఉంది అన్నాడు. గొంతులో కంగారు లేదు. నర్సీపట్నం కొట్టాయనకి సాయంత్రం చెప్పాడట. ఆయన బేరింగు, గ్రీసు డబ్బా, రెండు సీళ్ళు అట్టపెట్టెలో చుట్టి, చింతపల్లి వచ్చే ఆర్టీసీ బస్సు డ్రైవర్ చేతికిస్తానన్నాడు. మేస్త్రీ పొద్దున్నే పానాలు పట్టుకుని వచ్చి కూచున్నాడు.

తొమ్మిదిన్నరకి మళ్ళీ ఫోన్ వచ్చింది. "మావయ్యా, బస్సు వచ్చింది. ఉంటాను మరి" అని పెట్టేశాడు.